ఒకటో తారీఖున మా గడప దాకా వచ్చేవారికి

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం.

ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం, ఇంకా పాలు పొయ్యి మీద పెట్టకముందే, మా వార్డు సచివాలయం ఉద్యోగి ఒకరు మా గుమ్మం ముందు నిలబడి పిలుస్తారు. చెప్పులు బయట విడిచి, లోపలి గదిలోకి వచ్చి, మంచం పక్కన వంగి, మా అమ్మ ఎడమచేతి బొటనవేలిని యంత్రం మీద పెట్టిస్తారు. కుడిచెయ్యి పనిచేయదు. ఒక్కోసారి వేలిముద్ర పడదు. తడిగుడ్డతో వేలు తుడిచి మళ్ళీ పెడతాం. పడ్డాక ఎన్టీఆర్ భరోసా పింఛను 15,000 రూపాయలు లెక్కపెట్టి నా చేతికిచ్చి, పక్క వీధికి వెళ్ళిపోతారు. 2024 జూలైకి ముందు ఇది 5,000. అమ్మ డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ ఈ డబ్బుతోనే గడుస్తున్నాయి. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడగవలసింది ఇంకొకటి ఉంది. అది అడగాలంటే, అమ్మకు నేను చేసిన ఒక తప్పు ముందుగా చెప్పుకోవాలి.

2022 ఆగస్టులో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడివైపు శరీరంతో పాటు మాట కూడా పోయే అవకాశం ఎక్కువని తరవాత తెలుసుకున్నాను. అమ్మకు మిగిలింది ఒకే మాట: "అదే". ఆకలైనా "అదే", పక్క తడిసినా "అదే", నన్ను చూసి సంతోషం కలిగినా "అదే". పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు ఒక ఫైలు, రెండు నెలల మందుల చీటీ, మళ్ళీ రావలసిన తేదీ ఇచ్చారు. "రెండు గంటలకోసారి పక్క మార్చుతూ ఉండండి, లేకపోతే పుండ్లు పడతాయి" అని చెప్పారు. సరే అన్నాను. ఎలా మార్చాలో వాళ్ళు చూపించలేదు, చూపించమని అడగాలని నాకూ తోచలేదు. అప్పటికి నేను పద్నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. పిల్లలకు సంధులు విడగొట్టి చూపించడం వచ్చు గాని, అరవై రెండు కిలోల మనిషిని మంచం మీద పక్కకు తిప్పడం రాదు.

కాబట్టి నాకు తోచినట్టే చేశాను. అమ్మ కుడిచెయ్యి పట్టుకుని, చంక కింద నా చెయ్యి వేసి, లాగి లేపేదాన్ని. లాగినప్పుడల్లా అమ్మ ముఖం ముడుచుకునేది, ఎడమచేత్తో నన్ను నెట్టేది, "అదే, అదే" అని గట్టిగా అరిచేది. మొండితనం అనుకున్నాను. జబ్బుమనిషికి చిరాకు సహజం అని మా ఆయనతో అన్నాను. కొన్నిసార్లు "నీకోసమేగా ఈ అవస్థ" అని కసిరాను కూడా.

2025 జనవరిలో, 15,000 పింఛను తీసుకుంటున్నవారు నిజంగా మంచాన ఉన్నారో లేదో చూడటానికి వైద్య బృందాలు ఇళ్ళకు వచ్చాయి. మా ఇంటికి వచ్చినవారిలో ఒక యువ డాక్టరమ్మ ఉంది. అమ్మను చూపించడానికి నేను నా అలవాటు ప్రకారం చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆ అమ్మాయి కాగితాలు పక్కన పెట్టి, "అక్కా, ఆగండి, ఆ చెయ్యి లాగకండి" అంది. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలకు పట్టు ఉండదని, చేతి బరువుకే కీలు కిందికి జారుతుందని, దాన్ని పట్టి లాగితే ఎంత నొప్పో మాటలు రానివాళ్ళు చెప్పలేరని చెప్పింది. తరవాత తనే చేసి చూపించింది. అవతలివైపు మోకాలు మడవాలి. ఒక అరచెయ్యి అవతలి భుజం వెనక రెక్క ఎముక మీద, రెండోది తుంటి మీద వేయాలి. మన నడుం వంచకుండా మోకాళ్ళు కొద్దిగా వంచి, మనిషిని మొత్తంగా మనవైపు దొర్లించుకోవాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒకటి, జబ్బు చెయ్యి కింద ఇంకొకటి పెట్టాలి. ఐదు నిమిషాలు పట్టింది. అమ్మ ముఖం ముడుచుకోలేదు. అమ్మ ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ చాలా మెల్లగా "అదే" అంది.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చుండిపోయాను. దాదాపు రెండున్నరేళ్ళు, రోజుకు ఎనిమిది పది సార్లు, కన్నతల్లిని నా చేతులతోనే బాధపెట్టాను. అది ప్రేమ లేక జరగలేదు. ఐదు నిమిషాల చదువు లేక జరిగింది.

ఆ బృందం వచ్చిన పని పరిశీలన. నేర్పడం వాళ్ళకు అప్పగించిన పనిలో లేదు, ఆ అమ్మాయి తన మంచితనం కొద్దీ నేర్పింది. కానీ ఆ రోజు నాకు ఒక సంగతి అర్థమైంది. ఊరంతటిలో మంచం పట్టినవాళ్ళు ఎవరెవరో ప్రభుత్వానికి ఇంటి నంబరుతో సహా తెలుసు. వాళ్ళ ఇళ్ళకు డాక్టర్లను పంపగల శక్తి ప్రభుత్వానికి ఉంది. దారి వేసే ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందే ఈ చదువు చెప్పించండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద ఎన్నో ఆసుపత్రులకు డబ్బు కట్టేది ప్రభుత్వమే. ఆ బిల్లుకు జతచేసే కాగితాలలో ఒకటి ఇలా ఉండాలని నా విన్నపం: రోగిని పక్క మార్చడం, మంచం మీదే ఒళ్ళు తుడవడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోసేటప్పుడు తలవైపు ఎత్తి ఉంచడం, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకపోవడం, యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకంటే కిందే ఉంచడం, ఇవన్నీ ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత ఆసుపత్రిలోనే రెండుసార్లు చేయించి, ఆ మనిషి సంతకం తీసుకున్న కాగితం. చెప్పాం అని ఆసుపత్రి వాళ్ళు పెట్టే సంతకం చాలదు. చేశాను అని ఇంటి మనిషి పెట్టాలి.

నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదిది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మొదలై పదిహేనేళ్ళు దాటింది. మంచాన ఉన్న వృద్ధుల ఇళ్ళకు ఆరోగ్య ఉపకేంద్రం సిబ్బంది వెళ్ళాలని, చూసుకునే ఇంటివాళ్ళకు శిక్షణ ఇవ్వాలని దాని మార్గదర్శకాలలోనే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులు అంటే ఎవరో నిర్వచించింది. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులైనా ఇతర కుటుంబ సభ్యులైనా, చూసుకునేవారంతా సంరక్షకులే. ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే విషయం కూడా అదే చట్టం 24వ సెక్షన్లో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద, మంచాన ఉన్నవారిని చూసుకునే ఇంటి మనిషి పేరు మీదే నెలకు 600 రూపాయలు మంజూరు చేశారు. 600తో ఏమవుతుందని కొందరు అంటారు. నా పేరు ఒక ప్రభుత్వ కాగితం మీద, అమ్మను చూసుకుంటున్న మనిషిగా ఉండటం నాకు చిన్న సంగతి కాదు. ఇప్పుడు నేను ఏ రిజిస్టరులోనూ లేను. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఏం పని చేస్తున్నారని అడిగితే గృహిణి అనే రాస్తారు.

తల్లిదండ్రులను చూడని పిల్లల కోసం 2007 నుంచి ఒక చట్టం ఉంది. ట్రిబ్యునల్ నెలకు 10,000 దాకా మనోవర్తి ఇప్పించగలదు. మంచిదే, అది ఉండాలి. చూస్తున్న పిల్లల వైపు చూసే చట్టం మాత్రం మా గడపలోకి ఇంకా రాలేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణకు మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవు ఉంది. నా పాఠశాలలో అమ్మ కోసం సెలవు అడిగితే నెల రోజులు ఓపిక పట్టారు, ఆ తరవాత నేనే రాజీనామా రాసి ఇచ్చాను. వాళ్ళను తప్పుపట్టను. పదో తరగతి పిల్లలకు ఎవరో ఒకరు పాఠం చెప్పాలి కదా.

2024 వరద సంగతి కూడా చెప్పాలి. మాది అజిత్‌సింగ్ నగర్. సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్ళు వీధిలోకి వచ్చాయని అరుపులు వినిపించేసరికి మా గదిలో మంచం కోళ్ళు మునిగాయి. మా ఆయన, పక్క వాటాలోని ఇద్దరు కుర్రాళ్ళు కలిసి అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నా చీరతో కుర్చీకి కట్టి, మేడ మీదికి మోశారు. నడుములోతు నీళ్ళలో మెట్లు ఎక్కుతుంటే అమ్మ ఎడమచెయ్యి నా జుట్టు పట్టుకుని వదల్లేదు. కరెంటు పోయింది. పుండ్లు పడకుండా గాలి మారుస్తూ ఉండే ఎయిర్ బెడ్ నీళ్ళలోనే ఉండిపోయింది, పైకి తెచ్చినా కరెంటు లేకుండా అది వట్టి రబ్బరు పక్కే. పైవాటా వాళ్ళ చాప మీద దుప్పట్లు మడిచి పడుకోబెట్టాం. పడవల్లో వచ్చినవాళ్ళు పాలు, నీళ్ళు, పులిహోర పొట్లాలు ఇచ్చారు. ఆకాశం నుంచి డ్రోన్లతో కూడా పొట్లాలు దించారు. ఆ చేతులన్నిటికీ దండం. కానీ అమ్మ మెత్తగా చేసినదే మింగగలదు. బ్రెడ్డు పాలల్లో నానబెట్టి పెట్టాను. డైపర్లు లేవు, చీరలు చింపాను. నాలుగో రోజు నడుం కింద వెన్నెముక చివర ఎర్రటి మచ్చ కనిపించింది. ఐదో రోజుకు తోలు ఊడింది. రూపాయి బిళ్ళంత పుండు మానడానికి డిసెంబరు దాకా పట్టింది.

మంచం దిగలేనివాళ్ళ జాబితా సచివాలయంలో పింఛను కోసం ఇప్పటికే ఉంది. వరద హెచ్చరిక రాగానే ఆ జాబితా పట్టుకుని ముందుగా ఆ ఇళ్ళకు మనుషులు, పడవలు వెళ్ళాలి. వెళ్ళే పడవలో పులిహోరతో పాటు పెద్దల డైపర్లు, పాలపొడి, ఒక మడత స్ట్రెచర్ ఉండాలి. దీనికోసం కొత్త సర్వే అక్కర్లేదు. వచ్చే వానాకాలం లోపు జరగవలసిన పని ఇది.

ఇక చెప్పడానికి సిగ్గుపడుతున్న సంగతి. ఆ వరద తరవాత ఒక రాత్రి, రెండున్నరకు, మూడోసారి పక్క తడిసింది. దుప్పటి మార్చి, కొత్త దుప్పటి పరిచి, పడుకోబోతుంటే మళ్ళీ తడిసింది. నేను అమ్మను చెంప మీద కొట్టాను. గట్టిగా కాదు అని నాకు నేను చెప్పుకోను. కొట్టాను. అమ్మ ఏడవలేదు. తన మంచి చేత్తో తన చెంప తడుముకుని, తరవాత అదే చేత్తో నా చెయ్యి నిమిరింది.

తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఆరోగ్య కేంద్రం గోడ మీద ఎప్పుడో చూసిన 14416 నంబరు గుర్తుకొచ్చి ఫోను చేశాను. అది టెలిమానస్, 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయ నంబరు. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు. అవతల తెలుగులోనే ఒక ఆడగొంతు. నేను కొట్టానని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఈ వారంలో వరసగా ఎక్కువ సేపు నిద్రపోయింది ఎన్ని గంటలు?" అని అడిగింది. లెక్కపెట్టాను. రెండు గంటల ఇరవై నిమిషాలు. నేను చెడ్డదాన్నయ్యానని కాదు, నిద్ర లేని మనిషినని ఆ లెక్కతో తెలిసింది. దాంతో చేసిన తప్పు చెరిగిపోదు. కానీ మళ్ళీ జరగకుండా ఏం చేయాలో తెలిసింది: రాత్రి ఒంటిగంట నుంచి ఐదు వరకు మా ఆయన వంతు. అడగకముందు ఆయనకు చేతకాదనుకున్నాను. నేర్పితే వచ్చింది.

అందుకే ఒకటో తారీఖున వచ్చే ఉద్యోగి చేతిలోని ఫోనులో రెండు ప్రశ్నలు చేర్చండి. రోగి గురించి కాకుండా, పక్కన నిలబడి ఉన్న మనిషి గురించి. రాత్రిళ్ళు వరసగా ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? మీకు బాగాలేకపోతే మీ బదులు చూసే మనిషి ఉన్నారా? సంరక్షకుల భారం కొలవడానికి 22 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. పింఛను పంచే హడావిడిలో అన్ని అడగలేరు. ఈ రెండు చాలు. జవాబు ప్రమాదకరంగా ఉన్న ఇంటికి ఆ వారంలోనే ఏఎన్ఎం, అంటే వార్డు ఆరోగ్య కార్యకర్త, వెళ్ళాలి. వెళ్ళినప్పుడు అమ్మ బీపీతో పాటు నా బీపీ కూడా చూడాలి. 14416 నంబరు, పెద్దవాళ్ళ కోసం ఉన్న 14567 నంబరు పెద్ద అక్షరాలతో అచ్చువేసి ప్రతి పింఛనుదారు ఇంటి తలుపు మీద అతికించండి.

మా వీధి చివర ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. మతిమరుపు జబ్బు వచ్చిన భార్యను ఒక్కరే చూసుకుంటారు. పాలకు వెళ్ళాలంటే బయట తాళం వేసి వెళతారు, లేకపోతే ఆవిడ సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా నడిచి వెళ్ళిపోతుంది. ఒకరోజు కుళాయి దగ్గర అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, మీ అమ్మకు స్నానం ఎలా చేయిస్తావు?" అని అడిగారు. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఆయన ముఖంలో కనిపించింది. సేవ ఆడవాళ్ళదే అనుకుని శిక్షణలు పెడితే ఇలాంటి మగవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వాళ్ళకు మగ నర్సుల చేత విడిగా నేర్పించాలి.

చూడటానికి వచ్చే బంధుమిత్రులకు కూడా ఇక్కడే ఒక మాట, ఎందుకంటే ఈ లేఖ వాళ్ళూ చదువుతారు. బత్తాయిలు, హార్లిక్స్ తెస్తారు, ప్రేమతోనే. పావురం రక్తం రాస్తే పక్షవాతం పోతుందని చెబుతారు, దయచేసి చెప్పవద్దు. అది వైద్యం కాదు, ఆశపడి అలాంటి వాటి వెంట తిరిగే రోజుల్లో ఫిజియోథెరపీ ఆగిపోతుంది. "నీకు చాలా పుణ్యం వస్తుంది" అంటారు. ఆ మాట అన్నాక ఒక గంట ఉండండి. అమ్మ పక్కన కూర్చోండి, ఆ గంట నన్ను బయటికి పంపండి.

గంటలే మాకు లేనివి. ఆయాను పెట్టుకుందామని విచారించాను. పగటిపూటకే నెలకు 18,000 అడిగారు. పింఛను మొత్తం ఇచ్చినా చాలదు. నా నడుం నొప్పికి ఎక్స్‌రే తీయించుకోమని చెప్పి ఏడాది దాటింది. తెనాలిలో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళలేకపోయాను. నాకు కావలసింది వారానికి నాలుగు గంటలు. వరసగా, ఒకే రోజు, ముందే తెలిసిన రోజు.

పట్టణాల్లో పొదుపు సంఘాలను నడిపించే మెప్మా ఉంది. ఆ సంఘాల్లో పని కోసం చూస్తున్న మహిళలు ఉన్నారు. ఒక్కో సచివాలయానికి ఇద్దరిని ఎంపిక చేసి, విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో నేర్పించి, గౌరవప్రదమైన జీతం ఇచ్చి, జాబితాలోని ఇళ్ళకు వంతులవారీగా పంపండి. నర్సింగ్ విద్యార్థులను వాళ్ళతో పంపితే వాళ్ళకూ నిజమైన ఇళ్ళలో చదువు అవుతుంది. కేరళ 2008లోనే ఉపశమన సంరక్షణకు, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవకు, విధానం రాసుకుని, ఇంటింటికీ నర్సులను పంపే పనిని స్థానిక సంస్థల చేతికి ఇచ్చింది. నడుస్తున్న పని అది, చూసి రావచ్చు.

ఒక చిన్న విషయం కూడా. మనిషి పోయాక ఆ ఇంట్లో తలవైపు ఎత్తే మంచం, వీల్‌చైరు, ఎయిర్ బెడ్ మిగిలిపోతాయి. పోయిన మనిషి మంచం అని ఎవరూ తీసుకోరు, పారేయడానికి మనసొప్పదు, మేడ మీద ఎండకూ వానకూ తుప్పుపడుతుంది. సచివాలయం వాటిని తీసుకుని, శుభ్రం చేయించి, అవసరమైన ఇంటికి అరువు ఇవ్వవచ్చు. వరదలో మా ఎయిర్ బెడ్ పోయినప్పుడు నేను అప్పు చేసి కొత్తది కొన్నాను. మా ఇంటికి మూడు వీధుల అవతల ఒక మేడ మీద పనిచేసే బెడ్ ఉందని తరవాత తెలిసింది.

నా వైపు నుంచి ఇవ్వగలిగింది కూడా చెబుతాను. పద్నాలుగేళ్ళు పాఠం చెప్పిన గొంతు ఇంకా ఉంది. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, మెత్తటి ఆహారం మింగించడం ఇప్పుడు నాకు బాగా వచ్చు. ఒక నర్సు పక్కన ఉండి తప్పులు దిద్దితే, మా వార్డులో ఇలా చూసుకుంటున్నవాళ్ళందరికీ తెలుగులో, ఇంటి మాటల్లో, చేసి చూపిస్తాను. సచివాలయంలో ఒక గది, ఒక మంచం, ఆదివారం పూట చాలు. కండక్టరు గారిని నేనే వెంటబెట్టుకుని వస్తాను.

ఆ నాలుగు గంటలు అమ్మ దగ్గర కూర్చోవడానికి ఒక మనిషిని పంపండి. కుడిచెయ్యి పట్టుకుని లాగకూడదని తెలిసిన మనిషిని.

ఇట్లు,
అజిత్‌సింగ్ నగర్ నుంచి
ఒక కూతురు